ఆదివారం పేజీలో ఆర్నీ

ఆ వేసవి అంతా పొద్దున్నే లేవగానే నేను చేసిన మొదటి పని, మా ఆవిడ నన్నింకా ఇంట్లో ఉంచుకుందో లేదో కంప్యూటర్లో చూసుకోవడం.

ఇది వెటకారం కాదు. మా ఆవిడ మారెన్ పేపర్లకి బొమ్మల కథ గీస్తుంది. దాని పేరు ‘గ్లాడిస్ ఇల్లు’. సోమవారం నుంచి శనివారం దాకా మూడేసి గళ్ళు, ఆదివారం రంగుల్లో అరపేజీ. అందులో గ్లాడిస్, ఆమె మొగుడు ఆర్నీ, సార్జెంట్ అనే పొట్టికాళ్ళ కుక్క ఉంటారు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే ఆ ఆర్నీ నేనేనని అమెరికాలో మా రసీన్ ఊళ్ళో బేకరీ పిల్లకి కూడా తెలుసు. ప్యాంటు జారకుండా అతను భుజాల మీదుగా వేసుకునే ఎర్ర పట్టీలు నా బీరువాలోవే.

మే నెలలో ఆ బీరువా ఉన్న ఇంట్లోంచి మారెన్ నన్ను పంపేసింది. పంపెయ్యక ఏం చేస్తుంది? నేను చేసిన పని అలాంటిది.

నేను మా ఊరి పేపరుకి ఎడిటర్ని. ఆ ఏడు పేపరు చేతులు మారింది. ఎక్కడో అరిజోనాలో కూర్చునే కొత్త యజమానులు, బొమ్మలకి రెండు పేజీలెందుకు, ఒకటి చాలన్నారు. ఏవి ఉంచాలో పాఠకుల్నే అడుగుదామని ఓటు కాగితం అచ్చువేశాను. సెనేటర్ ఎన్నికకి కదలని జనం బొమ్మల ఎన్నికకి ఎగబడ్డారు. ఒక పెద్దాయన చేతికర్ర ఆడిస్తూ ఆఫీసుకే వచ్చి, “ఆ నక్కల బొమ్మ తీశావో, నీ పేపరు నా గుమ్మం తొక్కదు” అని బెదిరించి పోయాడు. లెక్క తేలేసరికి ‘గ్లాడిస్ ఇల్లు’ గట్టెక్కింది. తీసెయ్యాల్సింది దాని కిందనున్న నక్కల బొమ్మ.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. పెళ్ళాం బొమ్మ కాబట్టి ఉంచుకున్నాడంటారేమో! ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో నిఖార్సయిన మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు నాకు అన్నం కంటే ఎక్కువ. నక్కల్ని ఉంచి గ్లాడిస్‌ని తీసేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ‘మా ఇంటి బొమ్మకైనా మినహాయింపు లేదు’ అని సంపాదకీయంలో గొప్పగా రాసి, సోమవారం పేపరుకి ముందే పంపేశాను. ఆ వారమంతా మారెన్ వండింది తిని, ఆమె పక్కనే పడుకుని, ఆమెకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

సోమవారం పొద్దున్న మారెన్ కాఫీ పెట్టుకుని పేపరు విప్పింది. తన బొమ్మ ఉండాల్సిన చోట సుడోకు ఉంది.

“అచ్చులో పొరపాటా?” అంది.

“కాదు.”

“ఓట్లు రాలేదా?”

అబద్ధమాడితే ఆ పూటకి గడిచిపోయేది. “వచ్చాయి. మిగిలేన్ని వచ్చాయి” అన్నాను.

ఆమె అరుస్తుందనుకున్నాను. నా సంపాదకీయం చివరిదాకా చదివింది. కప్పు కడిగి బోర్లించింది.

“నువ్వు మంచివాడివని ఊరు చప్పట్లు కొట్టాలి. దానికి నా తల కావలసొచ్చింది” అంది. “మీ అక్క వాళ్ళింటికి పో, హార్లన్. ఊరికే వచ్చి తలుపు కొట్టకు.”

మా అక్క కారిన్ ఇంటి గరాజు మీద ఒక గది ఉంది. అందులో చేరాను.

అక్కడ నాకు దొరికిన ఓదార్పల్లా కంప్యూటరు. దేశంలోని పేపర్ల బొమ్మల కథలూ రాజకీయ కార్టూన్లూ ఒకే చోట పెట్టే సైటు ఒకటుంది. నచ్చినవాటిని ఎంచుకుంటే రోజూ వరసగా వస్తాయి. ప్రతి బొమ్మ కిందా జనం మాట్లాడుకుంటారు. నేను కొన్నేళ్ళుగా చూస్తున్నాను గానీ ఎప్పుడూ నోరు విప్పలేదు. ‘గ్లాడిస్ ఇల్లు’ కింద రోజూ అందరికంటే ముందు ‘శుభోదయం, ఇరుగుపొరుగూ’ అని పెట్టే ముసలావిడ పేరు లేక్‌వ్యూ లూ. ప్రతిదానికీ వివరణ ఇచ్చే ఆయన పేరు పాత కంపోజిటర్.

బొమ్మలు గీసిన రోజునే రావు. మామూలు రోజుల్లో వచ్చేవి నాలుగు వారాల ముందు గీసి, వాటిని పేపర్లన్నిటికీ పంచే కంపెనీకి పంపాలి. ఆదివారానివి రంగుల పేజీలు, ముందే అచ్చవుతాయి కాబట్టి తొమ్మిది వారాల ముందే పంపాలి. అందుకని నన్ను గెంటేసిన మర్నాడు కూడా ఆర్నీ వంటింట్లో హాయిగా కాఫీ తాగుతున్నాడు. గ్లాడిస్ అతని నెత్తిమీది కళ్ళజోడు తీసి ముక్కుమీద పెడుతోంది.

రోజూ పొద్దున్న కారిన్ పై మెట్టు మీద నిలబడి అడిగేది.

“ఏరా, ఇవాళ నీకు కాఫీ పోసిందా?”

“పోసింది. నేను పొరపాటున కుక్క బిస్కెట్లు తిన్నాను.”

“నిజంగానే తిన్నావుగా?”

“ఏప్రిల్లో.”

“ఏప్రిల్ కాఫీ తాగుతూ జూన్ వెళ్ళదీస్తున్నావన్నమాట. సిగ్గులేదుట్రా?”

సిగ్గు ఉంది. దానితోపాటు ఆ కాఫీ కూడా కావాలి.

మారెన్ బొమ్మ చూడటం అయ్యాక రాజకీయ కార్టూన్లు చూసేవాణ్ణి. వాటి కింద జనం జుట్లు పట్టుకుంటారు. వాళ్ళ గొడవలో పడి నా గొడవ కాసేపు మరిచిపోవచ్చు. ఒకరోజు నా పాత స్నేహితుడు లోవెల్ గీసింది వచ్చింది. ఒక ఎడిటరు చలి కాచుకోవడానికి తన ఇంట్లో కుర్చీలూ బల్లలూ పొయ్యిలో పడేస్తున్నాడు. ఆఖరికి ఊయల తొట్టి కూడా ఎత్తాడు. వాడి భుజాల మీద పట్టీలున్నాయి. లోవెల్‌కి ఫోన్ చేశాను.

“నన్నే గీశావా?”

“నిన్నా? ఎందుకు? అయోవాలో ఎవడో తన పేపర్లో బొమ్మల పేజీ మొత్తం ఎత్తేశాడు, వాణ్ణి గీశాను. నువ్వేం చేశావు?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. “ఏం లేదు. పట్టీలు బాగా కుదిరాయి” అని పెట్టేశాను.

జూన్ మధ్యలో ఒక సోమవారం, నేను భయపడుతున్న బొమ్మ వచ్చింది. గ్లాడిస్ కాఫీ కాస్తోంది. రెండో గడిలో ఒక కప్పులో పోసింది. మూడో గడిలో ఆ కప్పు పట్టుకుని బల్ల ముందు కూర్చుంది. మాటల్లేవు. ఎదురు కుర్చీ కూడా గీయలేదు. మర్నాడు కుక్కని తనే షికారు తీసుకెళ్ళింది. బుధవారం బల్బు తనే మార్చుకుంది. ఇంతకాలం బల్బు ఆర్నీ మారుస్తాడు, గ్లాడిస్ స్టూలు పట్టుకుంటుంది. ఇప్పుడు స్టూలు కుక్క పట్టుకుంది.

కింద జనం గుమిగూడారు. ‘ఆర్నీ ఏడి?’ ‘చేపలకి పోయుంటాడు.’ ‘వాళ్ళ చెల్లెలింటికి పోయుంటాడు.’ ఒకడు సరదాగా ప్రకటన పెట్టాడు: ‘తప్పిపోయాడు. ఎర్ర పట్టీలు, బట్టతల. కళ్ళజోడు నెత్తిమీదే ఉంది, తనకి తెలియదు.’

ఆదివారం వచ్చింది. రంగుల అరపేజీలో ఆర్నీ! గడ్డి కోస్తున్నాడు, కుక్క వెంటపడుతోంది, గ్లాడిస్ నిమ్మరసం గ్లాసు పట్టుకుని నవ్వుతోంది. జనానికి మతిపోయింది. సోమవారం మళ్ళీ ఆర్నీ లేడు. వారమంతా లేడు. ఆదివారం మళ్ళీ ఉన్నాడు.

పాత కంపోజిటర్ గొంతు సవరించుకున్నాడు. ‘మిత్రులారా, ఆదివారం బొమ్మలు చాలా ముందు గీస్తారు. ఆదివారాల్లో మనం చూస్తున్నది పాత సరుకు. అసలు సంగతి మామూలు రోజుల్లోనే ఉంది. ఆవిడ ఇంట్లో ఏదో జరిగింది.’

దాని కింద లేక్‌వ్యూ లూ రాసింది. ‘నాకు అర్థమైంది. మా ఆయన పోయాక నేనూ అలాగే ఒక్క కప్పే పోసుకుని కూర్చునేదాన్ని. పాపం, ఆవిడ భర్త పోయినట్టున్నాడు.’

ఇక ఆపేవాళ్ళు లేరు. నేను పోయానని అందరూ నిశ్చయం చేసేశారు. నా ఆత్మశాంతికి ప్రార్థనలు మొదలుపెట్టారు. ‘అంత ప్రేమగా గీసిందంటే ఎంత మంచివాడై ఉంటాడో.’ ‘ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గ్లాడిస్ మీద గొంతెత్తలేదు.’ ‘అలాంటి మొగుళ్ళు ఇప్పుడెక్కడున్నారు?’ ఒహాయో నుంచి ఒకాయన ఆర్నీ జ్ఞాపకంగా తనూ ఎర్ర పట్టీలు కొనుక్కున్నాడట.

బతికుండగా తన సంతాపసభకి తానే పోయినవాడి అవస్థ నాది. తిడితే భరించేవాణ్ణి. పొగిడారు. అవతల మారెన్ కూడా ఇవి చదువుతూ ఉంటుందని తలుచుకుంటే కుర్చీలో కూర్చోలేకపోయేవాణ్ణి. ఓర్చుకోలేక ఒకరోజు మొదటిసారి నోరు విప్పాను. ‘ఆర్నీ బతికే ఉన్నాడు. తప్పు చేశాడు, అంతే’ అని రాశాను.

పాత కంపోజిటర్ విరుచుకుపడ్డాడు. ‘నీకెలా తెలుసయ్యా? దుఃఖంలో ఉన్న ఆడమనిషి ఇంటిమీద పుకార్లు పుట్టిస్తావా?’ మిగతావాళ్ళూ వంతపాడారు. సాయంత్రానికల్లా సైటువాళ్ళు నా మాట తీసేశారు. నా చావు సంగతిలో నా సాక్ష్యం చెల్లలేదు.

జూలై సగమయ్యేసరికి పాత సరుకు అయిపోతోందని కంపోజిటర్ లెక్కకట్టాడు. ‘ఈ వచ్చే ఆదివారానిది కొత్తది. అందులో ఆర్నీ లేకపోతే మన అనుమానమే నిజం’ అని రాశాడు. లూ కొవ్వొత్తి బొమ్మ పెట్టింది. అతని లెక్క తప్పలేదు. నేను వెళ్ళిపోయాక మారెన్ గీసిన మొదటి ఆదివారం బొమ్మ అదే.

ఆ శుక్రవారం రాత్రి భోజనానికి కారిన్, నేను మా ఊరి హోటళ్ళలో శుక్రవారం శుక్రవారం పెట్టే చేపల వేపుడుకి పోయాం. నేను ముక్కని ప్లేటులో అటూ ఇటూ తోస్తున్నాను.

“మళ్ళీ ఏమిట్రా?” అంది అక్క.

“ఎల్లుండి తేలిపోతుంది అక్కా. అందులో నేనుంటే ఇంటికి రమ్మన్నట్టు. లేకపోతే ఇక లేనట్టే.”

కారిన్ ఫోర్కు కింద పెట్టింది. “మారెన్ తన సంగతి పేపర్లో చూసి తెలుసుకుంది. నీ సంగతి నువ్వు కంప్యూటర్లో చూసి తెలుసుకుంటావు. దేవుడు మీ ఇద్దరికీ నోరెందుకిచ్చాడురా, ఈ చేప తినడానికా?”

అక్క మాట ముల్లులా దిగింది. మారెన్‌కి నేను చేసిందేమిటి? ముఖాన చెప్పాల్సింది పేపరు చేత చెప్పించాను. ఇప్పుడు కూడా ముఖాన అడగాల్సింది బొమ్మని అడుగుతున్నాను. పిరికితనం నాతోపాటు మూటకట్టుకుని అక్క ఇంటికొచ్చింది.

శనివారం సాయంత్రం మా ఇంటి ముందు నిలబడ్డాను. మారెన్ వరండాలో బల్ల వేసుకుని గీస్తోంది. నన్ను చూసి కలం కిందపెట్టింది. చిక్కిపోయింది.

“రేపటిది చూసి వచ్చావా? అప్పుడే ఎవరైనా పెట్టేశారా?” అంది. గొంతులో కంగారు.

“లేదు. చూడకముందే వద్దామని వచ్చాను. ఇంటికి రావచ్చా అని అడగడానికి. బొమ్మని కాదు, నిన్ను.”

మారెన్ లోపలికెళ్ళి ఒక పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. నిండా కార్డులు. టెక్సాస్ నుంచి, మెయిన్ రాష్ట్రం నుంచి, కెనడా నుంచి. ‘మీ భర్త మరణానికి…’ ‘అంతటి మంచి మనిషి…’

“అన్నీ నీ గురించే. చదువుకో” అంది. “ఒక్కదానికీ జవాబు రాయలేదు. ఏమని రాయను? నువ్వున్నావో లేవో నాకే తెలియడం లేదు.”

నేను ఒక కార్డు విప్పి మూసేశాను. రెండోది ముట్టుకోలేదు.

“రేపటిది నువ్వెళ్ళిన మర్నాడు గీశాను” అంది మారెన్. “ఒళ్ళు మండిపోతూ గీశాను. అదే రోజు పంపేశాను. పంపిన వారానికి వెనక్కి తీసుకుందామని ఫోన్ చేస్తే, రంగుల పేజీలు అచ్చుకి వెళ్ళిపోయాయన్నారు. వేసవంతా దానికోసం భయపడుతూ కూర్చున్నాను. మొగుడు పోయాడని వాళ్ళంతా ఏడుస్తుంటే, వాళ్ళ ముందుకి అది వస్తుంది.”

“ఏం గీశావు?”

“చెప్పను. అది మేలో నా మనసు. ఇప్పటిది కాదు.”

“ఇప్పటిదేమిటి?”

“తెలీదు హార్లన్. నిజంగా తెలీదు.”

ఏదో ఒకటి అని ఆమెని తేలికపరచాలనిపించింది. “పోనీలే, ఊళ్ళో ఎవరూ చూడరు. మన పేపర్లో రాదుగా” అన్నాను.

ఆమెకి నవ్వు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది.

“నేను వేస్తాను” అన్నాను. “అది ఎలా ఉన్నా సరే. సోమవారం నా సంపాదకీయం పక్కన, రాజకీయ కార్టూన్ వేసే చోట, పెద్దగా వేస్తాను. నన్ను నువ్వెంత తిట్టినా ఊరంతా చూడనీ.”

మారెన్ నవ్వు ఆగిపోయింది.

“మళ్ళీ నీ మంచి పేరు కోసమేనా?” అంది.

చెంపమీద కొట్టినా అంత తగిలేది కాదు. ఎందుకంటే అప్పటికే మనసులో సంపాదకీయం మొదటి వాక్యం కూడా రాసేసుకున్నాను. ‘ఎడిటరు కూడా విమర్శకి అతీతుడు కాడు.’ చప్పట్లు కూడా వినబడ్డాయి. నా మీద నాకే అసహ్యం వేసింది. పెట్టె మీద మూత పెట్టి లేచాను.

గేటు దాకా వెళ్ళాక వెనకనుంచి పిలిచింది. “రేపు పొద్దున్న రా. నేనొక్కదాన్నే దాన్ని చూడలేను.”

మర్నాడు వెళ్తూ వెళ్తూ, ఉత్త చేతులతో ఎందుకని బేకరీలో ఆగి పెకాన్ పప్పుల క్రింగిల్ కొన్నాను. మా ఊళ్ళో చావైనా పెళ్ళైనా ఆ గుండ్రటి తీపి రొట్టె లేనిదే జరగదు. మారెన్ తలుపు తీసి నా చేతిలో డబ్బా చూసింది. ముఖం అదోలా పెట్టింది.

“ఇంకేం దొరకలేదా నీకు?” అంది.

అర్థం కాలేదు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాం. ఆమె కంప్యూటరు తెరిచింది.

ఆదివారం అరపేజీ. గ్లాడిస్ ఇంటికి ఇరుగుపొరుగు వచ్చారు. బల్లమీద క్రింగిల్. ఆర్నీ స్కేలు పెట్టి కొలుస్తున్నాడు. పెన్సిల్‌తో గీతలు పెడుతున్నాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా కోసి తలా ఒక ముక్క పంచుతున్నాడు. ‘ఎంత న్యాయం! ఎంత న్యాయం!’ అని అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆర్నీ ఎర్ర పట్టీల్లో వేళ్ళు దూర్చి పొంగిపోతున్నాడు. చివరి గడిలో గ్లాడిస్ ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది. ‘ఇంట్లోవాళ్ళకి కూడా పెడితే నలుగురూ ఏమనుకుంటారు గ్లాడిస్?’ అంటున్నాడు ఆర్నీ. ఆమె వైపు చూస్తున్నది కుక్క ఒక్కటే.

చెవులు కూడా నావే. బాగా కుదిరాయి. బల్ల మీద డబ్బాలో మా క్రింగిల్ ఉంది. తల ఎత్తలేకపోయాను.

“కింద ఏమన్నారో చదువు. నేను చూడను” అంది మారెన్, గోడవైపు తిరిగి.

చదివాను. మొట్టమొదట లేక్‌వ్యూ లూ. ‘ఆర్నీ ఉన్నాడు! ఉన్నాడు! వెధవ పనే చేశాడు, చేస్తే చేశాడు. మనిషి ఉన్నాడు, నాకది చాలు.’ దాని కింద పాత కంపోజిటర్. ‘ఇది కొత్త సరుకే, నాదీ హామీ. బతికే ఉన్నాడు. గ్లాడిస్, వాణ్ణి నాలుగు దులుపు, ఇంట్లోనే ఉంచుకుని దులుపు.’ ఒహాయో ఆయన పట్టీలు తీసెయ్యనన్నాడు. ఇంకా కిందికి, ఇంకా కిందికి అందరూ అదే మాట. ముక్క దక్కని గ్లాడిస్‌ని ఒక్కరూ తలుచుకోలేదు. నేను బతికి ఉన్నందుకు వాళ్ళంతా పండగ చేసుకుంటున్నారు. చదవడం ఆపేశాను. వాళ్ళ సంతోషానికి నేను తగను. ఆ మాట పైకే అన్నాను.

“తగవు” అంది మారెన్. గోడవైపు నుంచి ఇటు తిరిగింది. కళ్ళు తుడుచుకుంది. సొరుగులోంచి కత్తి తీసి నా ముందు పెట్టింది, రెండు ప్లేట్లు పెట్టింది.

“కొయ్యి.”

నేను కత్తిని ఆమె వైపు జరిపాను.

“ఇక్కడెవరూ చూడటం లేదు హార్లన్. కొయ్యి.”

కోశాను. వంకరటింకరగా తెగింది. పెద్ద ముక్క ఆమె ప్లేటులో పెట్టాను. ఆమె బాగుందనీ అనలేదు, బాగా లేదనీ అనలేదు. కూర్చుని తింది.